పదకొండో కాగితం

"పది వచ్చినయ్. ఇంకొక్కటే!" అన్నాడు అంబదాస్, కిటికీ అద్దాలు అదిరేటట్టు.

ఆయన మామూలుగా మాట్లాడితేనే సూరత్ అమ్రోలిలోని ఆ మూడో అంతస్తు ఫ్లాటు నుంచి కింద పాల దుకాణం దాకా వినిపిస్తుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు సాంచాల చప్పుడులో బతికిన మనిషి. ఆ మరమగ్గాలకు రెండు చెవులూ అప్పజెప్పి ఇంటికొచ్చాడు. కిందటేడు గుండె ఆపరేషన్ అయ్యాక కొడుకు కొనిచ్చిన వినికిడి మిషన్ ఒకటి కుడి చెవిలో ఉంటుంది. ఉంటుందంటే, వినబుద్ధయినంత సేపు ఉంటుంది. నచ్చని మాట వస్తోందని అనుమానం తగిలితే చాలు, తీసి చొక్కా జేబులో వేసుకుంటాడు.

అప్పుడు సుభాషిణి చేతికందిన కాగితం తీసుకుంటుంది. కరెంటు బిల్లు వెనకో, చింపేసిన క్యాలెండర్ కాగితం మీదో, నల్లబల్ల మీద రాసినంత లావు అక్షరాలతో తన మాట రాసి మొగుడి ముక్కు ముందు పెడుతుంది. ఆ ఇంట్లో సగం పోట్లాటలు అలా రాతలోనే నడిచాయి.

ఇవాళ మాత్రం మిషన్ చెవిలోనే ఉంది. బల్ల మీద, ఫ్యాను గాలికి ఎగరకుండా స్టీలు గ్లాసు కింద, పది స్టాంపు కాగితాలు పరిచి ఉన్నాయి. ఒక్కోదాని కింద ఒక్కో సంతకం. పక్కనే సంతకం లేని పదకొండోది.

"ఎవల్నడిగి తెచ్చినవయ్యా ఇవి?" అంది సుభాషిణి.

"అడిగితే తేనిస్తవా నువ్వు? పది దినాల సంది జోల్వా, అమ్రోలి ఒకటి జేసి తిరుగుతున్న. డాక్టర్ మెట్లెక్కొద్దన్నడు. ఎన్ని మెట్లెక్కిన్నో లెక్క లేదు."

"పిల్లలతోని అబద్ధం రాయించినవ్."

"పిల్లలా? ఒక్కొక్కడు గడ్డం పెంచిండు. రాజుకు పెండ్లయి బిడ్డ గూడ పుట్టింది. నీ కండ్లకు ఇంక నిక్కర్లేసుకొని కనవడుతున్నరా?"

ఇంకో రోజయితే ఆ మాటకు సుభాషిణికి నవ్వొచ్చేది. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి ఆఖరి హియరింగ్. మునిసిపల్ తెలుగు బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై రెండేళ్ళు దాటింది. ఈ రెండేళ్ళలో పింఛను ఒక్క నెల కూడా రాలేదు. గ్రాట్యుటీ రాలేదు. "మీ మీద విచారణ ఉంది బెన్, అది తేలితే అన్నీ వస్తాయి" అని ఆఫీసులో ప్రతిసారీ అక్కా అన్నంత మర్యాదగానే చెప్పి పంపించారు. ఇవాళ తేలబోతోంది. తేలడమంటే రెండే దారులు. తప్పు లేదని ఫైలు మూసేస్తే అంతా చేతికొస్తుంది. తప్పుందని రాస్తే, ఆ డబ్బులో ఎంత ఆగిపోతుందో, అసలెంత మిగులుతుందో చెప్పేవాడు లేడు.

తప్పు ఉందా అంటే, ఉంది. సుభాషిణి ఎన్నడూ లేదనలేదు.

మనవైపు నుంచి సూరత్ వచ్చిన సాంచాల వాళ్ళకు ఒక అలవాటుంది. ఊళ్ళో పెళ్ళయినా, చావయినా, పిల్లా జెల్లా మూటా ముల్లె సర్దుకుని రైలెక్కేస్తారు. పోయేటప్పుడు వారమంటారు. వచ్చేసరికి రెండు నెలలవుతుంది. అన్నాళ్ళు రాని పిల్లల పేరు పట్టీలోంచి కొట్టేయాలి. కొట్టేసిన పేరు మళ్ళీ ఎక్కాలంటే పుట్టిన తేదీ కాగితం, ఊరి బడి కాగితం, ఇక్కడి చిరునామాతో ఆధార్ కార్డు కావాలి. అవన్నీ చేతబట్టుకుని వచ్చిన తల్లిని సుభాషిణి ముప్ఫై ఏళ్ళ నౌకరీలో చూసింది లేదు. బడిలో పేరు పోయిన పిల్లలు నేరుగా కార్ఖానాకే పోతారు. అది మాత్రం చాలాసార్లు చూసింది.

అందుకని ఏడేళ్ళ కిందట, ఆగస్టూ సెప్టెంబరూ రెండు నెలలు, ఊరికి పోయిన పదకొండు మంది పిల్లలకు తన చేత్తోనే హాజరు వేసింది. మరి మధ్యాహ్న భోజనం రిజిస్టరులో? అక్కడ మాత్రం తిన్నవాళ్ళ లెక్కే రాసింది. పిల్లల తిండి గింజల దగ్గర తప్పు లెక్క రాయడానికి ఆవిడకు చేయి రాలేదు. పింఛను కాగితాలు తయారయ్యేటప్పుడు ఆడిట్ వాళ్ళు రెండు రిజిస్టర్లూ పక్కపక్కన పెట్టుకున్నారు. బడిలో ఉన్నవాళ్ళు ఇంతమంది, తిన్నవాళ్ళు పదకొండు మంది తక్కువ. అదీ కేసు.

"పూరా అబద్ధమన్న ఆడితివా, అంటే అదీ లేదు," అన్నాడు అంబదాస్, వందోసారి. "ఒక పుస్తకంల అబద్ధం, ఇంకో పుస్తకంల నిజం. గిట్ల ఎవలన్న జేస్తరా టీచర్?"

కోపం వచ్చినప్పుడు ఆయన పెళ్ళాన్ని టీచర్ అంటాడు.

ఈ స్టాంపు కాగితాల ఉపాయం ఆ ఆఫీసులోనే ఒక గుమస్తా చెవిలో వేశాడట. ఆ పదకొండు మందీ ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు కదా, 'రోజూ బడికి వచ్చేవాళ్ళం, అన్నం మాత్రం ఇంటికి పోయి తినేవాళ్ళం' అని రాసిస్తే రెండు రిజిస్టర్లూ నిజమైపోతాయి. ఫైలు మూసేస్తారు. పదకొండు మందికి పదకొండూ ఉండాలి. ఒక్కటి తగ్గినా లాభం లేదు.

"నేను పట్టుకపోను," అంది సుభాషిణి.

"పట్టుకపోకు. పట్టుకపోకు! నీ నిజం పట్టుకపో. దాన్నే వండుకొని తిందాం."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

కోడలు ప్రసన్న చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ఆ అమ్మాయి ఈ ఇంటికొచ్చి మూడేళ్ళయింది. అత్తామామల పోట్లాటల్లో ఇంతవరకూ ఒక్క మాట కలపలేదు.

"అత్తమ్మా, ఒక మాటంట. తప్పు వట్టరు గదా."

"చెప్పు బిడ్డా."

"మొన్న మా చెల్లె పెండ్లికి పోయిన్నా. పెండ్లి అయినంత సేపు కొంగు మెడ చుట్టూ కప్పుకొనే కూసున్న. ఉక్క పోస్తలేదానె అని మా మేనత్త కొంగు గుంజింది."

ఆమె మెడలో పసుపుతాడు ఉంది. అంబదాస్ ఆపరేషన్ నాడు బంగారు పుస్తెలతాడు బ్యాంకుకు పోయింది. అత్తమ్మ గ్రాట్యుటీ రాగానే విడిపిద్దామని మొగుడు రాంప్రసాద్ చెప్పిన మాటకు ఏడాది నిండింది.

"బంగారం కోసం అంటలేనత్తమ్మా. మామయ్య పానం కన్న ఎక్కువ కాదది. కాని మీ కొడుకు డయింగ్ మిల్లుల రెండు డ్యూటీలు జేస్తున్నడు. ఇంటికొచ్చి అన్నం ముందటనే నిద్రపోతున్నడు. మీరేమన్న దొంగతనం జేసిన్రా? ఆ పోరగాళ్ళ కోసమే జేసిన్రు. వాళ్ళు ఇయ్యాల మీ కోసం ఒక దస్తఖత్ పెడితే ఏమైతది?"

అంబదాస్ కోడలి వైపు మెచ్చుకోలుగా చూశాడు. ప్రసన్న కళ్ళలో నీళ్ళు లేవు. ఉంటే బాగుండునని సుభాషిణికి అనిపించింది. ఏడ్చేవాళ్ళనయితే ఓదార్చవచ్చు.

ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి కాగితాలు ఒక్కొక్కటే తీసి చూసింది. పేరు చదవక్కర్లేకుండానే సంతకాన్ని బట్టి మనిషి తెలిసిపోతున్నాడు. 'ర'కు దీర్ఘం మరిచిపోయేవాడు రాజు. ఇప్పటికీ మరిచిపోయాడు. అక్షరాలన్నీ కుడివైపుకు వంచి రాసేది బిక్షపతి. ఆ చేతులన్నింటినీ పట్టుకుని దిద్దించింది తనే. తను పిలవకుండానే, తన కోసం, ఆ చేతులు ఈ కాగితాల మీద కదిలాయి. ఎంత వద్దనుకున్నా ఆవిడ మనసు పొంగింది.

"సరే," అంది. "పట్టుకపోత."

అంబదాస్ గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ గెలుపు నిలబెట్టుకునే తొందరలో వెంటనే మాట మార్చాడు. "రాంప్రసాద్ పన్నెండు దాటంగనే ఆటో తెస్తడు. జిరాక్సులకు పోయిండు. పదకొండోది దానంతటదే వస్తది. మనింటికే వస్తున్నరు, జోల్వా నుంచి."

"ఎవలు?"

"సంధ్య. వజ్రమ్మ బిడ్డ."

సుభాషిణి ముఖం విప్పారింది. సంధ్యను మరిచిపోవడం ఎట్లా? ఆరో తరగతిలో ఆ పిల్ల రాత చూసి ఇన్‌స్పెక్టర్ ఇది అచ్చు వేసిందా, చేత్తో రాసిందా అని అడిగాడు. ఊళ్ళో నాయనమ్మ దగ్గర ఉంచుతున్నామని చెప్పి, ఆ హాజరు వేసిన యేడే దీపావళి తర్వాత వజ్రమ్మ వచ్చి టీసీ తీసుకుపోయింది. పోయేటప్పుడు పిల్లను చూపించలేదు కూడా.

"మళ్ళ సూరత్ ఎప్పుడొచ్చిన్రు వాళ్ళు?"

అంబదాస్ ఆ మాట వినిపించుకోలేదు. మిషన్ చెవిలోనే ఉంది మరి. సుభాషిణి అది అప్పుడు పట్టించుకోలేదు.

*

పన్నెండు కావస్తుండగా తల్లీ బిడ్డా వచ్చారు. వజ్రమ్మ చెప్పులు గుమ్మానికి అంత దూరాన విడిచి, లోపలికి రావడానికి రెండుసార్లు పిలిపించుకుంది. ఆమె వెనక సంధ్య. పొడుగ్గా ఎదిగింది. నీలం చున్నీ భుజాల మీది నుంచి నిండా కప్పుకుంది.

"దండాలు టీచరమ్మా. మంచిగున్నరా?" అంది వజ్రమ్మ. "అన్న ఫోన్ జేసి గిట్ల ముచ్చట అని చెప్పిండు. టీచర్‌కు ఫాయిదా అయితదంటే అర్ధరాత్రి లేపినా వస్త అన్న."

"సంధ్యా! ఇట్ల రా, ఎంత పెద్దగైనవే!" సుభాషిణి దగ్గరికి తీసుకోబోయింది. పిల్ల ఒంగి ఎడమ చేత్తో కాళ్ళకు దండం పెట్టి, వెంటనే వెనక్కి జరిగి తల్లి పక్కన కూర్చుంది.

ప్రసన్న చాయ్ తెచ్చింది. సంధ్య ఎడమ చేత్తో కప్పు అందుకుంది.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా ఇప్పుడు?"

"చీరలకు స్టోన్లు అంటిస్తా టీచర్. ఘర్ పే, ఇంట్లనే."

ఇన్‌స్పెక్టర్ మెచ్చుకున్న రాత సుభాషిణికి గుర్తొచ్చింది. మాట మార్చడానికి పెన్ను తీసి అందించింది.

"అయితే ముందుగాల ఈ సంతకం పెట్టు తల్లీ. నీ అక్షరాలు చూసి ఏడేళ్ళాయె."

సంధ్య పెన్ను కూడా ఎడమ చేత్తోనే అందుకుంది.

"ఎడమ చేత్తోనా?" అంది సుభాషిణి, టీచరమ్మ గొంతుతో. "కుడి చేతికేమైంది?"

సంధ్య తల్లి వైపు చూసింది. వజ్రమ్మ అంబదాస్ వైపు చూసింది. అంబదాస్ చాయ్ చల్లార్చుకోవడంలో మునిగిపోయాడు.

"టీచర్‌కు ఎరుక లేదా అన్నా?" అంది వజ్రమ్మ, నమ్మలేనట్టు.

సంధ్యే చున్నీ తీసింది. కుడి చేతికి బొటనవేలు ఉంది. చిటికెనవేలు ఉంది. మధ్యలో మూడు వేళ్ళు లేవు. గాయం ఎప్పుడో మానిపోయి, చర్మం నున్నగా మెరుస్తోంది.

ప్రసన్న "అయ్యో" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సుభాషిణి ఆ చెయ్యి పట్టుకుంది. తాను పట్టుకుని 'అ'లు దిద్దించిన చెయ్యి.

"ఎప్పుడు?"

"ఆ యేడే టీచరమ్మా," అంది వజ్రమ్మ. "రాఖీ పున్నం పోయినంక నాలుగు దినాలకు."

"అప్పుడు ఊరికి పోయిన్రు గదా మీరు? నాతోని చెప్పిపోయిన్రు."

"చెప్పినం. పోలే." వజ్రమ్మ తల దించుకుంది. "పోరి తండ్రికి కామెర్లయినయ్. పని లేదు. ఊరికి పోతున్నమంటే మీరు ఏమనరు, పేరు కొట్టెయ్యరు. వచ్చినంక మళ్ళ కూసోబెట్టుకుంటరు. మన కారీగర్లందరికి ఎరుకేనాయె. రెండు నెలలు పోరిని జోల్వల కండెలు చుట్టే మిషన్ మీద పెడితే కిరాయి ఎల్లుతది అనుకున్న. పదిహేను దినాలు గూడ కాలే, మిషన్ తిప్పే పట్టాల చెయ్యి వడ్డది. టీచర్‌కు మొఖం ఎట్ల చూపియ్యాలె అని, ఊళ్ళె ఉంచిన్నని చెప్పి టీసీ పట్టుకపోయిన."

కార్ఖానాకు పోకూడదనే కదా ఆ పేర్లు నిలబెట్టింది. కొట్టేసి ఉంటే, ఎందుకు రావడం లేదని ఎవరో ఒకరు ఇంటికి పోయేవాళ్ళు. తనే పోయేది. అట్లా ఎంతమంది ఇళ్ళకు పోలేదు! పట్టీలో పిల్ల రోజూ హాజరు. ఇంక వెతికేది ఎవరు? ఈ రెండేళ్ళూ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నప్పుడల్లా ఆవిడకు ఒకటే ధైర్యం ఉండేది. రూలు తప్పాను కాని పిల్లలకు మాత్రం మేలే చేశాను అని. ఆ ధైర్యం ఇప్పుడు ఆ చేతిని పట్టుకుని ఉండగానే జారిపోయింది.

"అన్నకు అంతా ఎరుకే," అంటోంది వజ్రమ్మ. "ఆ కార్ఖానల ఉన్నదే అన్న గదా. మిషన్ బందు జేసి, పోరిని ఎత్తుకొని, తన అంగి చింపి కట్టు కట్టి ఆటోల ఏసిండు. దవాఖానకు సొంత పైసలు కట్టిండు. అన్న రుణం ఎట్ల తీరుతది? అందుకే సంతకం అంటే ఉరికొచ్చిన."

సుభాషిణి తల తిప్పి మొగుడి వైపు చూసింది. ఏడేళ్ళు. అంత పెద్ద సంగతి కడుపులో పెట్టుకుని ఏడేళ్ళు ఆయన ఈ ఇంట్లో ఆవిడ వడ్డించిన అన్నం తిన్నాడు. ఆ యేడే ఆయన కారీగర్ నుంచి ముకద్దం అయ్యాడు. సాంచాలు నడిపే పని పోయి నడిపించే పని వచ్చిందని వాడంతా పేడాలు పంచాడు.

"సేఠ్ ఏమియ్యలేదా?" అని ప్రసన్న అడిగింది.

"ఎక్కడిదమ్మా. కేసు ఏసినం. ఆరేండ్లు నడిచి పోయినేడు కొట్టేసిన్రు. పోరి మా కార్ఖానకు రానే రాలే, ఆ దినం బడిల ఉన్నది అని సేఠ్ వకీలు ఒక కాయితం చూపిచ్చిండు. నా నసీబ్ అంతే." వజ్రమ్మ సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవర్ తీసి, దాని ముడి విప్పసాగింది. "ఆ కాయితం నకలు మాకు గూడ ఇచ్చిన్రు. మాకైతే పనికి రాలే. పొద్దున అన్న చెప్పినది ఇన్నంక, అరె, టీచర్‌కు ఇది మంచిగ పనికొస్తది గదా అని పట్టుకొచ్చిన. చూడున్రి. పోరి ఆ రెండు నెలలు బడికి వచ్చిందని ఇండ్ల పక్కాగ రాసి ఉన్నది."

ఆమె ముఖంలో ఎత్తిపొడుపు ఇసుమంతైనా లేదు. మేలు చేస్తున్నాననే సంతోషమే ఉంది.

సుభాషిణి కాగితం అందుకుంది. బడి ముద్ర. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో విద్యార్థిని క్రమం తప్పక హాజరైనట్టు ధ్రువీకరణ. కింద హెడ్‌మిస్ట్రెస్ సంతకం. తన సంతకం.

"అమ్మా, ఊకో ఇగ," అంది సంధ్య మెల్లగా.

"ఏందే, తప్పేమన్న?"

"మీరు చెప్పున్రి తల్లీ," అని సుభాషిణి సంధ్యనే అడిగింది. పిల్లతో మీరు అంటున్నానని కూడా ఆవిడకు తెలియలేదు.

సంధ్య పెన్ను పక్కన పెట్టలేదు. తల కూడా ఎత్తలేదు. "అపీల్ చేయొచ్చని కోర్టుల ఒక మేడం చెప్పింది టీచర్. ఆ కాయితం గలత్ అని బడి వాళ్ళే రాసిస్తే, కేస్ మళ్ళ ఓపెన్ అయితదంట. మిమ్మల్ని అడుగుదామని రెండు మార్లు ఈ బిల్డింగ్ కింది దాంక వచ్చిన. మీకే పింఛన్ ఆగిందని వాచ్‌మన్ చెప్పిండు. తిరిగి పోయిన." కొంచెం ఆగి అంది. "ఏం కాదు టీచర్. నేను పెడతా. ఎక్కడ పెట్టాలె?"

ఆమె ఎడమ చెయ్యి కాగితం మీదికి వంగింది.

సుభాషిణి గబుక్కున ఆ కాగితాన్ని లాక్కుంది.

ఆవిడకు అప్పుడు ఒక సాయంత్రం గుర్తొచ్చింది. ఈ సర్టిఫికెట్ కోసం బడికి ఎవరూ రాలేదు. సేఠూ రాలేదు, వకీలూ రాలేదు. టైపు చేసిన కాగితాలు నాలుగు, అందులో సంధ్యది ఒకటి, ఇంటికే వచ్చాయి. అంబదాస్ టిఫిన్ డబ్బాతో పాటు బల్ల మీద పెట్టాడు. 'మా సేఠ్ కారీగర్ల పిల్లలకు స్కాలర్‌షిప్పులిస్తడట. బడికి వస్తున్నట్టు దస్తఖత్ కావాలె' అన్నాడు. అప్పటికి ఆ పదకొండు మందిలో ఎవరూ తిరిగి రాలేదు. అయినా ఎక్కడో ఒకచోట పేదపిల్లలకు నాలుగు రూకలొస్తాయి కదా అని సంబరంగా సంతకాలు చేసి, మర్నాడు బడికి తీసుకుపోయి ముద్ర కూడా వేసింది. ఆ సంబరంలో సేమ్యా పాయసం వండింది. అంబదాస్ పాయసం ముట్టలేదు. కడుపులో బాగాలేదన్నాడు.

"ఏమయ్యా," అంది సుభాషిణి.

అంబదాస్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నిన్నే!"

ఆయన కదలలేదు. కుడి చెవి ఖాళీగా ఉంది. మిషన్ ఆయన పిడికిట్లో ఉంది. వజ్రమ్మ కవరు ముడి విప్పడం మొదలుపెట్టినప్పుడే తీసేశాడు కాబోలు.

సుభాషిణి చుట్టూ చూసింది. క్యాలెండర్ దూరంగా ఉంది. కరెంటు బిల్లు కనబడలేదు. చేతిలో ఉన్నది ఆ పదకొండో కాగితమే. సంధ్య పేరు మీద తీసింది. మూడింటిలోపల ఇంకొకటి పుట్టించడం ఎవరి తరమూ కాదు.

ఆవిడ సంధ్య చేతిలోంచి పెన్ను తీసుకుంది.

"అత్తమ్మా! అది..." ప్రసన్న రెండడుగులు ముందుకు వేసింది. అప్పటికే సుభాషిణి రాస్తోంది. టైపు చేసిన వాక్యాల మీద, అడ్డంగా, నల్లబల్ల మీద రాసినంత లావున. రాసి, సర్టిఫికెట్ నకలుతో కలిపి, మొగుడి ముక్కు ముందు పెట్టింది.

'ఇది దేనికో తెలిసే నాతోని సంతకం పెట్టించినవా?'

అంబదాస్ చదివాడు. నాలుగో తరగతి దాకా చదువుకున్న మనిషి. ఆ ఆరు మాటలు చదవడానికి అంతసేపు పట్టకూడదు. వజ్రమ్మకు ఏమీ అర్థంగాక ఒకసారి ఈయన్నీ ఒకసారి ఆవిడనీ చూస్తోంది. ఆయన చెయ్యి ఒకటి గుండె మీదికి పోయింది. డాక్టరు ఆందోళన పడవద్దన్న గుండె అది. సుభాషిణికి ఆ సంగతి తెలుసు. తెలిసీ ఆ కాగితం పక్కకు తీయలేదు.

చివరికి ఆయన చెయ్యి చాచి పెన్ను అడిగాడు. నోటితో చెప్పడానికి ధైర్యం చాలలేదేమో. కాగితం అడుగున, సంధ్య సంతకం చేయవలసిన గీత మీద, వంకర అక్షరాలతో ఒక్క మాట రాశాడు.

'తెలుసు.'

కింద ఆటో హారన్ మోగింది. ఆ వెంటనే ప్రసన్న ఫోను మోగింది. "అమ్మను తోలు జల్ది. ట్రాఫిక్ మస్తున్నది, తాపీ నది దాటేసరికే గంట పడతది," అని రాంప్రసాద్ గొంతు గది అంతా వినిపించింది.

సుభాషిణి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. సర్టిఫికెట్ నకలుతో పాటు తన సంచిలో పెట్టుకుంది. చెప్పులు వేసుకుంది.

"సంధ్యా, లే. నాతోని ఆఫీసుకు రా. ఆ కాయితం గలత్ అని రాసిస్త."

"టీచర్, మరి మీ పింఛన్?"

సుభాషిణి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి గుమ్మం వైపు నడిచింది.

గుమ్మంలో ప్రసన్న నిలబడి ఉంది. ఎప్పుడు తీసిందో, గ్లాసు కింది పది కాగితాలూ ఆమె చేతిలో ఉన్నాయి. వాటిని అత్తగారి ముందుకు చాచింది. ఇంకో చెయ్యి మెడలోని పసుపుతాడును గట్టిగా పట్టుకుంది.

"ఇవన్న పట్టుకపోండ్రత్తమ్మా," అంది. ఇప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి.

కింద హారన్ మళ్ళీ మోగింది. సుభాషిణి కోడలి ముఖం చూసింది. తన చెయ్యి ఇంకా సంధ్య భుజం మీదే ఉంది. ప్రసన్న దారి వదల్లేదు.